అప్‌డేట్: తిన్న రెండు గంటలకు చెమటలు, వణుకు – కారణం తెలిసింది

బరువు తగ్గడానికి పొట్టకు చేసే బైపాస్ సర్జరీ అయ్యాక నాన్నగారికి ఇడ్లీ, అన్నం తిన్న రెండు గంటలకు చెమటలు పట్టి చేతులు వణుకుతున్నాయని, షుగర్ మందులేవీ వాడరని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. "వణుకు వచ్చినప్పుడే గ్లూకోమీటర్‌తో చూడండి" అన్న సలహాతో సంగతి తేలింది: షుగర్ 51కి పడిపోయింది. ఆ రీడింగులు పట్టుకుని ఎండోక్రినాలజిస్ట్ (హార్మోన్ల డాక్టర్) దగ్గరికి వెళ్లాం.

దీన్ని లేట్ డంపింగ్ అంటారట. తిన్నది పొట్టలో ఆగకుండా నేరుగా చిన్నపేగులోకి జారిపోతుంది. రక్తంలో గ్లూకోజ్ ఒక్కసారిగా పెరుగుతుంది, పేగు నుంచి జీఎల్‌పీ-1 అనే హార్మోన్ కూడా మామూలు కంటే బాగా ఎక్కువగా వస్తుంది. రెండూ కలిసి పాంక్రియాస్ చేత ఇన్సులిన్ కుమ్మరింపజేస్తాయి. గ్లూకోజ్ అయిపోయినా ఇన్సులిన్ ఇంకా పనిచేస్తూనే ఉంటుంది, అందుకే షుగర్ పడిపోతుంది. అదే గ్లూకోజ్ పేగుతో పని లేకుండా సెలైన్‌లో ఎక్కిస్తే ఇంత ఇన్సులిన్ రాదట! నాకు బాగా ఆశ్చర్యమనిపించింది ఇదే.

థైరాయిడ్, ఈసీజీ నార్మల్. పాంక్రియాస్‌లో ఇన్సులిన్ వదిలే గడ్డేమోనని కొందరు అన్నారు, అదైతే పరగడుపున కూడా షుగర్ పడిపోతుందట; నాన్నగారికి పరగడుపున రీడింగులు బాగానే ఉన్నాయి కాబట్టి డాక్టర్ దాన్ని పెద్దగా అనుమానించలేదు.

ఇప్పుడు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తింటున్నారు. ముందు గుడ్డో పప్పో, తర్వాతే కాస్త అన్నం. నీళ్లు భోజనంతో కాకుండా అరగంట ఆగి. తగ్గకపోతే అకార్బోస్ (పిండిపదార్థాలు నెమ్మదిగా అరిగేలా చేసే మందు) ఇస్తామన్నారు, ఇంతవరకు అవసరం పడలేదు. మామిడిపండు దగ్గర మాత్రం ఇంట్లో గొడవ ఇంకా నడుస్తోంది.