రాజు మీదా, రాజు కిందా?

సున్నితం: ఒక వాక్యం రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. చిన్నప్పుడు ఒక్కరే ఆడుకునే పేకాట సాలిటేర్ నేర్పిన మా అత్తయ్య ముక్కలు పేరుస్తూ అనేది: "ఆసు మీద ఎక్కించు, రాజు..." ఇక్కడే ఆగిపోతున్నాను. "రాజు మీద దించు" అనేదా, "రాజు కింద దించు" అనేదా? ఋతువుల బొమ్మలతో ఒక పేక గీశాను. ఇస్పేటు, కళావరు, డైమన్, ఆఠీనుల బదులు వసంతం, గ్రీష్మం, వర్షం, శిశిరం. ఆసు బదులు విత్తనం. జాకీ, రాణి, రాజు బదులు మొగ్గ, పువ్వు, పండు. ఆడే పద్ధతి రాస్తూ ఈ ఒక్క మాట దగ్గర చిక్కుకున్నాను.

అరసున్న: "కింద" అయ్యుంటుంది. ఏడు వరుసల్లోనూ లెక్క తగ్గుతూ పోతుంది కదా. పదమూడు కింద పన్నెండు, పన్నెండు కింద పదకొండు. చూసేవాళ్ళ కంటికి కూడా రాణి రాజుకి దిగువనే కనిపిస్తుంది.

పాతపుటలు: కంటికి దిగువన కనిపించినా, చేతికి పైనే కదండీ. రాణిని రాజు మీదే పెడతాం, రాజును ఎత్తి దాని కింద దూర్చం. పైగా "దెబ్బ మీద దెబ్బ" అన్నప్పుడు ఆ "మీద"కి ఎత్తుతో పని లేదు, అది వరుసను చెబుతుంది. "రాజు మీద రాణి" అంటే రాజు తర్వాత రాణి అనే.

అరసున్న: అలాగైతే "ఆసు మీద ఎక్కించు"లో మీద కూడా వరుసేనా? ఆసుతో మొదలయ్యే దొంతరల్లో ఆసు, రెండు, మూడు అంటూ రాజు దాకా పెరుగుతుంది. వరుసల్లో తరుగుతుంది. రెండు చోట్లా ఒకే మాట వాడితే కొత్తగా నేర్చుకునేవాళ్ళకి తేడా ఎలా తెలుస్తుంది?

పాతపుటలు: ఆ తేడా చెప్పడానికే ఎక్కించు, దించు ఉన్నాయి.

వలపలగిలక: నాకు అసలు అనుమానం "దించు" మీదే. పేకాటలో ముక్క దించడం అంటే చేతిలోది కింద పెట్టడం. లెక్క తగ్గించడం అనే అర్థం అందులో లేదు. అత్తయ్యగారు కింద పెట్టడం అనే అర్థంలో అనివుంటే "రాజు మీద దించు" ఒక్కటే కుదురుతుంది. ఎక్కించుకి జోడీగా అనివుంటే రెండూ కుదురుతాయి. ఆవిడ గొంతులో ఊనిక ఏ మాట మీద పడేదో గుర్తుందా?

సున్నితం: "దించు" మీదే, గట్టిగా. ఆవిడ ఇంకో మాట కూడా ఇప్పుడు గుర్తొచ్చింది. మొత్తం 52లో 28 వరుసల్లోకి పోయాక, మిగిలిన 24 ముక్కల దొంతరను "దాపల పెట్టు" అనేది. దగ్గర పెట్టుకోమని అనుకునేదాన్ని.

వలపలగిలక: దగ్గర కాదండీ, ఎడమ పక్కన. కాడికి ఎడమన కట్టేది దాపటి ఎద్దు, కుడిన కట్టేది వలపటి ఎద్దు కదా. నేను పెట్టుకున్న పేరే సాక్ష్యం, పొల్లు రకారానికి బదులుగా అక్షరానికి కుడివైపున రాస్తాం కాబట్టే ఆ గుర్తు వలపలగిలక. ఆ దొంతర సాధారణంగా ఎడమ మూలనే ఉంటుంది. అత్తయ్యగారిది ఎంత కచ్చితమైన తెలుగు!

పాతపుటలు: మరి గజేంద్రమోక్షంలో పోతన "ఆ మూల సౌధంబు దాపల"? ఆ మేడకు ఎడమ పక్కన అని చదివితే నా మనసు ఒప్పుకోదు. ఏనుగు మొర వినిపించేటప్పటికి స్వామి ఎక్కడున్నాడో చూపిస్తూ, దూరం నుంచి దగ్గరికి, నగరంలోంచి మేడ చెంతకి తీసుకువెళ్తున్నాడు కవి. దాపు అంటే చెంత. అందులో కుడి ఎడమల ప్రసక్తి ఎందుకు?

అరసున్న: చెంత అనే చెప్పదలిస్తే దాపున అనొచ్చు కదా.

పాతపుటలు: అనలేరు. మొదటి పాదం "దా" దగ్గర ముగిసి, రెండో పాదం "పల మందార" అని మొదలవుతుంది. ప్రాస, అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం, లకారం. "అల"తో మొదలుపెట్టాక నకారం ఎలా వస్తుంది? ఆ "దా" దగ్గర ఒక్క క్షణం ఆగి చదవండి, రెండో పాదంలో తోటా, కొలనూ, చంద్రకాంత శిలా వరసగా తెరుచుకుంటాయి. ఎన్నిసార్లు చదివినా నాకు అక్కడ ఒళ్ళు పులకరిస్తుంది.

వలపలగిలక: ప్రాస కోసం అర్థం మారదండీ. ఎడమ పక్కన అన్నా ఆ పద్యం అందం ఏమీ తగ్గదు.

సున్నితం: పద్యం మళ్ళీ మొత్తం చదువుకున్నాను, ఇద్దరికీ కృతజ్ఞతలు. నా పేక సంగతికి వస్తే, ఎరుపు నలుపులు లేవు కాబట్టి వసంతం, గ్రీష్మం వెచ్చని జట్టు, వర్షం, శిశిరం చల్లని జట్టు అనుకున్నాను. వరుసల్లో ఒక జట్టు తర్వాత రెండో జట్టు రావాలి. ఖాళీ అయిన వరుసలోకి పండు ఒక్కటే. ఇప్పుడు "వసంతం పండు మీద వర్షం పువ్వు" అని రాయాలా, "కింద" అని రాయాలా?

అరసున్న: కింద. పండు మీద పువ్వు ఎక్కడైనా ఉంటుందా?

పాతపుటలు: మీద. ముక్క మీద ముక్క కదా పెడుతున్నది. అన్నట్టు వలపలగిలక గారూ, దాపటి ఎద్దుకి ఆ పేరు వచ్చింది కూడా దాపు నుంచే అయితే? తోలేవాడికి చేరువగా ఉండేదని?

వలపలగిలక: మరి వలపటి ఎద్దు సంగతేమిటి?