ఉద్యోగ పరీక్షల్లో జీకే మార్కులు తగ్గించాలా?

రెండో_ప్రయత్నం:
అందరికీ నమస్తే. చాలా రోజులుగా మనసులో ఉన్నది అడుగుతున్నాను. రైల్వే ఎన్‌టీపీసీ (సాంకేతికేతర ఉద్యోగాల) మొదటి దశ పరీక్షలో 100 ప్రశ్నలుంటే అందులో 40 జనరల్ అవేర్‌నెస్. లెక్కలు 30, రీజనింగ్ 30. అంటే అన్నిటికంటే పెద్ద వాటా జీకేదే. ఇది న్యాయమేనా?

లెక్కలు, రీజనింగ్ నాకు గట్టిగానే వచ్చు. పోయినసారి రాసిన ఒక పరీక్షలో ఆ రెంటిలో మంచి మార్కులే వచ్చాయి. జీకే దగ్గర కూలబడ్డాను. కటాఫ్‌కు రెండు మార్కుల దూరంలో ఆగిపోయాను. ఏ నాట్యం ఏ రాష్ట్రానిది, ఏ పండుగ ఏ తెగది, ఏ స్టేడియం ఏ ఊళ్లో ఉంది, ఇవన్నీ గూడ్స్ రైలు మేనేజరుకో టైపిస్టుకో ఏ రోజు పనికొస్తాయి? లెక్కలకు హద్దు ఉంది, సాధన చేస్తే వస్తాయి. జీకేకు ఒడ్డే లేదు. పైగా ఒక షిఫ్టులో తేలిగ్గా, ఇంకో షిఫ్టులో కష్టంగా వస్తుంది. చివరికి అంతా అదృష్టం. 40ని 15 చేస్తే కష్టపడినవాళ్లకు న్యాయం జరుగుతుందని నా అభిప్రాయం. మీరేమంటారు?

పల్లె_కార్యదర్శి:
తమ్ముడూ, రెండు మార్కులతో పోవడం ఎంత బాధో నాకు తెలుసు. నేనూ అలా పోయినవాడినే. కానీ నీ మాటతో ఏకీభవించలేను.

నేను పంచాయతీ కార్యదర్శిగా పని చేస్తున్నాను. పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ 1992, అమల్లోకి వచ్చింది 1993 ఏప్రిల్ 24, పదకొండో షెడ్యూలులో 29 అంశాలు. చదివే రోజుల్లో నాకూ ఇది ఒట్టి బిట్టే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక గ్రామసభలో ఒక పెద్దాయన లేచి, "తాగునీళ్లు మీ బాధ్యతా, పైవాళ్లదా? సూటిగా చెప్పు" అని నిలదీశాడు. తాగునీరు ఆ 29 అంశాల్లో ఉంది. కానీ వాటి మీద పంచాయతీలకు ఎంత అధికారం ఇవ్వాలో శాసనసభ చట్టం ద్వారా నిర్ణయిస్తుందని 243జి అధికరణం చెబుతుంది. ఆ రెండు ముక్కలూ తెలిసి ఉండబట్టి తడబడకుండా జవాబు చెప్పగలిగాను. ఫోన్ తీసి వెతుక్కుంటూ నిలబడి ఉంటే ఆ సభలో నా మాట ఇంకెవరు వింటారు?

ప్రభుత్వ ఉద్యోగి జనం ముందు కూర్చునే మనిషి. తాను పని చేసే దేశం గురించి, చట్టం గురించి కొంత తెలిసి ఉండాలని అడగడం తప్పు కాదు.

డిగ్రీ_ఫైనలియర్:
నేను మొదటి పోస్టు వైపే. కార్యదర్శి అన్న చెప్పింది ఆయన ఉద్యోగానికి నేరుగా సంబంధించిన విషయం. దాన్ని ఎవరూ వద్దనరు. కానీ ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ (కేంద్ర ప్రభుత్వ శాఖల ఉద్యోగాలకు జరిగే పరీక్ష) టైర్ 1లో జీకే 100కు 25 ప్రశ్నలే. బ్యాంకు క్లర్కు ప్రిలిమ్స్‌లో అసలు లేదు, మెయిన్స్‌లోనే అడుగుతారు. ఆ పరీక్షల్లో నెగ్గినవాళ్లు కూడా ప్రభుత్వ ఉద్యోగమో బ్యాంకు ఉద్యోగమో బాగానే చేస్తున్నారు కదా. రైల్వేలోనే 40 ఎందుకు?

ఇంటి_చదువు:
అందరూ కోచింగ్‌కు వెళ్లగలిగినవాళ్లలాగే మాట్లాడుతున్నారు. నాకు నాలుగేళ్ల బాబు ఉన్నాడు. లెక్కలు చేయాలంటే పుస్తకం, పెన్ను, ఎవరూ పలకరించని ఓ గంట కావాలి. ఆ గంట నాకు రోజూ దొరకదు. జీకే అలా కాదు. వంట చేస్తూ నదుల పేర్లు వరుసగా చెప్పుకుంటాను. బట్టలు ఆరేస్తూ ప్రాథమిక హక్కులు గుర్తు చేసుకుంటాను. లెక్కల్లో షార్ట్‌కట్లు నేర్పే క్లాసుకు డబ్బు కట్టలేను, కానీ లైబ్రరీలో పాఠ్యపుస్తకాలు తెచ్చుకోగలను. జీకే తగ్గిస్తే నాలాంటివాళ్ల దారి ఇంకా ఇరుకవుతుంది. ఇది కూడా లెక్కలోకి తీసుకోండి.

లెక్కల_మాస్టారు:
లెక్కలు చెప్పుకుని బతికేవాణ్ని. అయినా జీకే వైపు మాట్లాడతాను.

ముందు అదృష్టం సంగతి. ఎన్‌టీపీసీలో ఒక్కో తప్పుకు మూడో వంతు మార్కు పోతుంది. 40 ప్రశ్నలకూ కళ్లు మూసుకుని గుర్తు పెట్టారనుకోండి. నాలుగు ఆప్షన్లు కాబట్టి సగటున 10 ఒప్పు, 30 తప్పు. పది వస్తాయి, పది పోతాయి. మిగిలేది సున్నా. అదే ఒక ఆప్షన్ కచ్చితంగా కాదని తెలిస్తే, అలాంటి ప్రతి ప్రశ్న మీద సగటున తొమ్మిదో వంతు మార్కు మిగులుతుంది. రెండు ఆప్షన్లు తీసేయగలిగితే మూడో వంతు. కాబట్టి ఇక్కడ ఫలితం ఇచ్చేది అరకొరగానైనా ఉన్న అవగాహన, గుడ్డి అదృష్టం కాదు.

ఇక అసలు విషయం. మనం జీకేను చదివే తీరే తప్పుగా ఉందని నా నమ్మకం. ఒక్క ఉదాహరణ చెబుతాను. భారతదేశ తీరరేఖ పొడవు 7,516.6 కిలోమీటర్లు, ఆంధ్రప్రదేశ్‌ది 974, రాష్ట్రాల్లో గుజరాత్ తర్వాత రెండో స్థానం. తరతరాలుగా అందరం ఇదే చదివాం. కేంద్ర హోం శాఖ 2023-24 వార్షిక నివేదికలో ఆ అంకె మారింది. దేశ తీరరేఖ ఇప్పుడు 11,098.81 కిలోమీటర్లు. సముద్రం మారలేదు, మనకు కొత్తగా తీరమూ కలవలేదు. మరి మూడున్నర వేల కిలోమీటర్లు ఎక్కడి నుంచి వచ్చాయి?

కొలత నుంచి. పాత లెక్క తీసిన మ్యాపు స్కేలు 1:45,00,000. అంటే మ్యాపు మీద ఒక సెంటీమీటరు నేల మీద 45 కిలోమీటర్లతో సమానం. అంత చిన్న బొమ్మలో చిన్న వంపులు, కయ్యలు (నేలలోకి చొచ్చుకొచ్చే సముద్రపు పాయలు), నదీ ముఖాలు కనిపించవు, తిన్నని గీతగా పోతాయి. కొత్త లెక్కకు వాడింది 1:2,50,000. అంటే సెంటీమీటరుకు రెండున్నర కిలోమీటర్లు. వంపులన్నీ కొలతలోకి వచ్చాయి. దారాన్ని బిగించి లాగి కొలవడం వేరు, ప్రతి మెలికా పట్టుకుని కొలవడం వేరు. అందుకే కయ్యలతో నిండిన సుందరవనాలున్న పశ్చిమ బెంగాల్ తీరం 157 నుంచి 721 కిలోమీటర్లకు పెరిగింది. మన ఆంధ్రప్రదేశ్ తీరం అంతగా మెలికలు తిరిగింది కాదు కాబట్టి 974 నుంచి 1,053కే వచ్చింది. తమిళనాడు 907 నుంచి 1,068కి వెళ్లి మనల్ని దాటింది. ఇప్పుడు మనది మూడో స్థానం.

ఈ కారణం ఒకసారి అర్థమైన పిల్లాడు ఆ అంకెలు మర్చిపోతాడా? నా దగ్గరకు వచ్చే పిల్లలకు స్కేలు పాఠం ఇప్పుడు దీనితోనే మొదలుపెడుతున్నాను. ఇందులో లెక్క ఉంది, భూగోళం ఉంది. ఇలాంటిదాన్ని 15 మార్కులకు కుదించాలంటే నాకు మనసొప్పదు.

రెండో_ప్రయత్నం:
మాస్టారూ, మీరు చెప్పింది రెండుసార్లు చదివాను. చాలా బాగుంది, నాకు ఈ కారణం తెలియదు. కానీ నా బాధ కూడా సరిగ్గా ఇదే. నా దగ్గరున్న బిట్ల పుస్తకంలో ఇప్పటికీ 974, రెండో స్థానం అనే ఉంది. రేపు ప్రశ్న వస్తే ఏది పెట్టాలి? ప్రశ్న తయారు చేసినవాళ్ల దగ్గర ఏ పుస్తకం ఉందో నాకెలా తెలుస్తుంది? లెక్కల్లో ఈ టెన్షన్ లేదు. ఏడు ఎనిమిదులు యాభై ఆరు ఏ ఏడాదైనా యాభై ఆరే.

కీ_చూసేవాడు:
ఈ మాటలో బలం ఉంది, కాదనలేం. ప్రిలిమినరీ కీ (పరీక్ష తర్వాత ఇచ్చే తొలి జవాబుల పట్టిక) వచ్చాక అబ్జెక్షన్లు రాసే అలవాటు నాకుంది. ఎక్కువ తగువులు జీకేలోనే వస్తాయి.

దేశంలో ఎత్తైన శిఖరం ఏది అన్న ప్రశ్నే చూడండి. కే2 8,611 మీటర్లు, కాంచనగంగ 8,586. కే2 ఉన్నది పాకిస్తాన్ ఆక్రమణలో ఉన్న కశ్మీరు భాగంలో, చైనా సరిహద్దు మీద. మన అధికారిక మ్యాపు ఆ ప్రాంతాన్ని భారతదేశంలోనే చూపిస్తుంది కాబట్టి కొన్ని పుస్తకాలు కే2 అంటాయి. మన పాలనలో ఉన్న నేల వరకే చూసేవాళ్లు సిక్కిం సరిహద్దులోని కాంచనగంగ అంటారు. ఆప్షన్లలో రెండూ ఇస్తే అభ్యర్థి ఏం చేయాలి? తప్పు చదివినవాడిది కాదు, అడిగినవాళ్లది.

జిల్లాల సంఖ్య కూడా అంతే. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబరు 11న 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో 33. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. ఏ తేదీ నాటికి అని ప్రశ్నలోనే ఉంటే గొడవే లేదు.

కాబట్టి నేను కోరేది మార్కులు తగ్గించమని కాదు. మారే అంకె అడిగితే తేదీ రాయండి, ఏ నివేదిక ప్రకారమో రాయండి. మన వైపు నుంచి చేయాల్సింది కూడా ఒకటుంది. కీ తప్పనిపిస్తే తిట్టుకుని ఊరుకోకుండా గడువులోపు అబ్జెక్షన్ పెట్టండి. బిట్ల పుస్తకం పేజీ జత చేయకండి, ప్రభుత్వ ప్రచురణ గానీ పాఠ్యపుస్తకం గానీ జత చేయండి.

మానేరు_తీరం:
జీకేకు ఒడ్డు లేదన్న మాట గురించి చెప్పాలని వచ్చాను. ఒడ్డు లేనట్టు కనిపించేది ముక్కలు ముక్కలుగా చదివినప్పుడే. నాకు తేదీలు అస్సలు నిలిచేవి కావు. రాష్ట్రాల ఏర్పాటు మీద పది తేదీలు విడివిడిగా రాసుకుని, వారం తిరిగేసరికి మర్చిపోయేదాన్ని. ఒక రోజు వాటిని కథలా పేర్చి చూశాను.

పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న దీక్షకు కూర్చున్నారు. 58వ రోజున, డిసెంబరు 15న ప్రాణం విడిచారు. ఆ కదలికతో 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఒక భాషకు రాష్ట్రం వచ్చాక మిగతా భాషలవాళ్లు ఊరుకుంటారా? అందుకే అదే ఏడాది డిసెంబరులో రాష్ట్రాల పునర్విభజన కోసం ఫజల్ అలీ కమిషన్ వేశారు. 1955 సెప్టెంబరు 30న వాళ్లు నివేదిక ఇచ్చారు. తెలంగాణను అప్పటికి వేరుగానే ఉంచి, 1961 ప్రాంతంలో ఎన్నికలయ్యాక అక్కడి శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో ఒప్పుకుంటేనే ఆంధ్రతో కలపమన్నారు. అలా జరగలేదు. 1956 ఫిబ్రవరి 20న రెండు ప్రాంతాల నాయకులు పెద్దమనుషుల ఒప్పందం చేసుకుని నవంబరు 1న కలిపేశారు. ఆ ఒప్పందంలోని హామీలు నిలబడలేదన్న కోపం 1969లో తెలంగాణలో రోడ్ల మీదికి వచ్చింది. 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు (తెలంగాణ ఉద్యోగాలు స్థానికులకే అనేవి) చెల్లుతాయనగానే ఆంధ్ర వైపు జై ఆంధ్ర ఉద్యమం లేచింది. రెండు వైపులా చల్లార్చడానికి 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం, దాన్ని అమలు చేయడానికి 32వ సవరణ, దానితో 371డి అధికరణం.

ఇది ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఒకదాని వెనక ఒకటి ఎందుకు వచ్చిందో తెలుసు కాబట్టి తేదీ మధ్యలో జారిపోదు.

ఇంటి_చదువు:
చెల్లీ, ఇది నోట్సులో రాసుకున్నాను. 371డి దగ్గర ఆగిపోయావు. దాని గురించి ఇంకొంచెం చెబుతావా? బిట్లలో ఎప్పుడూ కనిపిస్తుంది గానీ ఏమిటో స్పష్టంగా తెలియదు.

మానేరు_తీరం:
తప్పకుండా అక్కా. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలకు దరఖాస్తు చేసేటప్పుడు ఏ తరగతి ఏ జిల్లాలో చదివారని అడిగి స్టడీ సర్టిఫికెట్లు పెట్టమంటారు కదా. లోకలా, నాన్ లోకలా అని తేలుస్తారు కదా. దానికి మూలం ఈ 371డి. ఉద్యోగాల్లో, చదువుల్లో ఆయా ప్రాంతాలవాళ్లకు సమాన అవకాశాలు ఉండేలా ఉత్తర్వులు ఇచ్చే అధికారం ఇది రాష్ట్రపతికి ఇస్తుంది. 1975లో మొదటి ఉత్తర్వు వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయాక కూడా రెండు రాష్ట్రాలకూ వర్తిస్తోంది. తెలంగాణకు 2018లో కొత్త ఉత్తర్వు వచ్చింది. 7 జోన్లు, 2 మల్టీజోన్లు, 95 శాతం పోస్టులు స్థానికులకు. మనం నింపే దరఖాస్తులో ఆ ఒక్క గడి వెనక ఇంత చరిత్ర ఉంది.

పల్లె_కార్యదర్శి:
చాలా బాగా చెప్పావమ్మా. నేను చేరేటప్పుడు సర్టిఫికెట్ల పరిశీలనలో ఆ గడి దగ్గరే ఎక్కువసేపు ఆపారు. దాని చరిత్ర ఇంత వరుసగా నాకూ తెలియదు.

రెండో_ప్రయత్నం:
అందరూ ఓపిగ్గా రాశారు, థాంక్స్. 15 చేయాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇంటి చదువు అక్క చెప్పిన కోణం నేను ఎప్పుడూ ఆలోచించలేదు. కానీ 40 ఎక్కువే అని ఇప్పటికీ అనిపిస్తోంది. సీజీఎల్‌లాగా 25 ఉంటే చాలు. తేదీ లేని ప్రశ్నలు ఆపాలన్నది మాత్రం అందరం గట్టిగా అడగాలి.

ఒక సందేహం. 371డి రైల్వే ఉద్యోగాలకు కూడా వర్తిస్తుందా? ఈసారి గ్రూప్ 2 కూడా రాద్దామనుకుంటున్నాను.

మానేరు_తీరం:
వర్తించదు తమ్ముడూ. అది రాష్ట్ర ప్రభుత్వ పోస్టులకే, రైల్వే కేంద్రానిది. గ్రూప్ 2కు మాత్రం కావాలి. నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకుండా స్కూలుకు వెళ్లి స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తెచ్చిపెట్టుకో.