కాలనీ లైబ్రరీ పుస్తకాలకు ఏ గుర్తు: రిబ్బనా, చీటీయా, అయస్కాంతమా?

పెరంబూరు బీరువా
చెన్నైలో మా కాలనీ తెలుగు లైబ్రరీకి 200 పుస్తకాలున్నాయి. ఎక్కువ భాగం డెమీ 1/8 సైజు పేపర్‌బ్యాకులు, ఓ నలభై గట్టి అట్టవి, మిగతావి పసుపెక్కిన పాత నవలలు. తీసుకెళ్ళినవాళ్ళు మూలలు మడిచేస్తున్నారు, చదువుతూ చదువుతూ బోర్లించి వదిలేస్తున్నారు. పుస్తకానికొక బుక్‌మార్క్ మేమే ఇద్దామనుకుంటున్నాం. కమిటీలో కొందరు రిబ్బన్ అంటున్నారు, కొందరు అయస్కాంతం క్లిప్పులంటున్నారు. తెలిసినవాళ్ళు తేల్చండి.

కుట్టుబైండింగ్
రిబ్బనే. పుస్తకంతోపాటు ఉంటుంది, పోయే ప్రశ్నే లేదు. గట్టి అట్ట పుస్తకాన్ని మధ్యకు తెరిస్తే వెన్నుకూ అట్టకూ మధ్య సందు కనిపిస్తుంది. 6 మి.మీ. సాటిన్ రిబ్బన్ కొసను 1 × 4 సెం.మీ. పల్చటి అట్టముక్కకు అంటించండి. ఆ ముక్కకు పేజీల వైపు మాత్రమే జిగురు రాసి పైనుంచి సందులోకి దించండి. రెండు వైపులా రాస్తే వెన్ను అట్టకు అతుక్కుపోయి పుస్తకం సరిగ్గా తెరుచుకోదు. చాలామంది చెడగొట్టేది ఇక్కడే.

పొడవుకు పేజీ ఐమూల కొలత చూడాలి. డెమీ 1/8 అంటే సుమారు 14 × 21.5 సెం.మీ., ఐమూల 25.7. లోపలికి 3, కింద వేలాడడానికి 3 కలిపితే 32 సెం.మీ. ఇంతకన్నా తగ్గిస్తే కొస పేజీల్లోకి దూరిపోయి చేతికందదు. పాలియెస్టర్ అయితే కొసను అగ్గిపుల్ల మంటకు దగ్గరగా చూపిస్తే పోగులు ఊడవు. నూలుదైతే ఒక చుక్క జిగురు చాలు.

చీటీమాట
చెప్పిన పద్ధతి బాగుంది, కానీ అది ఆ నలభై పుస్తకాలకే కదండీ! పేపర్‌బ్యాకులకు వెన్ను దగ్గర వేడి జిగురుతో అట్టను నేరుగా అంటిస్తారు, సందే ఉండదు. అట్ట లోపల రిబ్బన్ అంటిస్తే లాగిన ప్రతిసారీ మొదటి పేజీ కదులుతుంది.

విడి చీటీలు ఇవ్వండి. పూత లేని 250 జీఎస్ఎం (చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువు) ఐవరీ బోర్డు తీసుకుని 5 × 14.8 సెం.మీ. ముక్కలు కోయిస్తే ఏ4 షీటుకు 8 వస్తాయి. 200కి 25 షీట్లు. పోయేవాటిని లెక్కేసుకుని 50 షీట్లు కోయించండి. ప్యారీస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ వీధి కాగితం దుకాణాల్లో అడిగితే సరి, కటింగ్ మిషన్ ఉన్నవాళ్ళు దగ్గర్లోనే దొరుకుతారు.

కోయించే ముందు షీటును అటొకసారి ఇటొకసారి మెల్లగా వంచి చూడండి. ఏ వైపు తేలిగ్గా వంగితే ఆ వంపు గీత వెంబడే కాగితం పోగు, అంటే నార సాగే దిశ, ఉన్నట్టు. చీటీ పొడవు ఆ పోగు వెంబడే రావాలి. అడ్డంగా వస్తే చీటీ నిలువునా మెలి తిరుగుతుంది.

అందం కోసం లామినేషన్ జోలికి పోకండి, అందులోనూ ఒకవైపు లామినేషన్. చెన్నై గాలిలో తేమ పీల్చి కాగితం వైపు సాగుతుంది, ప్లాస్టిక్ వైపు సాగదు, దాంతో చీటీ చుట్టుకుపోతుంది.

వేళచ్చేరి లోకల్
చీటీ ఇంట్లో చదివేవాళ్ళకు సరే. రైలెక్కి దిగేవాళ్ళ సంచిలో పుస్తకం తలకిందులైతే చీటీ సంచి అడుగున తేలుతుంది. అయస్కాంతం క్లిప్పు పేజీకి రెండు వైపులా పట్టుకుంటుంది, జారదు. దాని అయస్కాంతం కాగితాన్ని ఏమీ చెయ్యదు కూడా.

చీటీమాట
అయస్కాంతం చెయ్యదు, దాని మందం చేస్తుంది. రెండు రెక్కలు కలిస్తే మిల్లీమీటరు దాటుతుంది. బీరువాలో బిగించి పెడితే అటూ ఇటూ పది పేజీల మీద అచ్చు పడుతుంది. పైగా జనం దాన్ని విప్పరు, లాగేస్తారు. పసుపెక్కిన నవల అయితే అంచు చిరిగి క్లిప్పుతో వచ్చేస్తుంది.

జారడమే బాధయితే మూల జేబు చెయ్యండి. 15 సెం.మీ. చదరం కాగితాన్ని ఐమూలగా మడిచి, కింది రెండు కొసలను పై కొసకు తెచ్చి, మళ్ళీ విప్పండి. పై కొసలో ఒక్క పొరను మాత్రం కింది అంచుదాకా దించండి. పక్క కొసలను మళ్ళీ పైకి మడిచి ఆ పొర వెనక్కి దూర్చితే పేజీ మూలకు తొడిగే జేబు తయారు. దీనికి 80 జీఎస్ఎం చాలు. దళసరి కాగితంతో చేస్తే మడతలన్నీ కలిసి ఉబ్బుతుంది.

మడతే మేలు
ఇంత హంగామా ఎందుకండీ? పుస్తకాలు అచ్చేసే మామూలు 70 జీఎస్ఎం మ్యాప్‌లిథో కాగితం మూల మడిస్తే ఏమీ కాదు. ఖర్చు లేదు, పోయేదీ లేదు.

కుట్టుబైండింగ్
సొంత పుస్తకమైతే మీ ఇష్టం. ఒకే పుస్తకాన్ని ఇరవై మంది చదివితే అదే మూల అటూ ఇటూ విరిగి రాలిపోతుంది. పాత నవల కాగితంలో ఆమ్లం ఉంటుంది, రెండు మూడు మడతలకే తునుగుతుంది. పేజీ ఖాళీ అంచున చిన్న మూల మడిచి చూడండి... వద్దు, చూడకండి.

ఆవడి చదువరి
స్టికీ నోట్ సంగతి ఎవరూ ఎత్తలేదే? అసలది బుక్‌మార్క్ అవసరంలోంచే పుట్టింది. 3ఎం కంపెనీలో స్పెన్సర్ సిల్వర్ 1968లో ఆ బలహీనమైన జిగురు కనిపెట్టాడు. చర్చి పాటల పుస్తకంలో చీటీలు జారిపోతుంటే ఆర్ట్ ఫ్రైకి 1974లో ఆ జిగురు గుర్తొచ్చింది. 1980లో అమెరికా అంతటా అమ్మకానికి వచ్చింది.

చీటీమాట
పుట్టుక గొప్పదే. కానీ తీసేశాక కంటికి కనపడని జిగురు పేజీ మీద మిగిలి దుమ్ము పడుతుంది. పాత కాగితం మీదైతే తీసేటప్పుడు పైపొర లేస్తుంది.

ఇళ్ళలో వాడే మరికొన్నిటి సంగతి కూడా చెప్పాలి. శుభలేఖ దళసరిగా, బాగానే ఉంటుంది, కానీ మూలల పసుపు పేజీకి అంటితే వదలదు. పసుపు రాసిన అంచులు కత్తిరించి వాడండి. రోజువారీ క్యాలెండరు చీటీ, పేపరు ముక్క నెలల తరబడి ఉంటే తమ ఆకారంలోనే గోధుమరంగు మచ్చ వేస్తాయి. మాల్ రసీదు వేడికి నల్లబడుతుంది. గుండుసూది, ఉక్కు క్లిప్పు ఐప్పసి (అక్టోబరు-నవంబరు) వానల్లో తుప్పు పడతాయి, ఆ మరక పోదు. ప్లాస్టిక్ తొడుగున్న క్లిప్పుకు కూడా కోసిన కొసలు ఉక్కే. నెమలీక పిల్లలు పెట్టదు గానీ ఈకలు తినే పురుగులను మాత్రం పిలుస్తుంది.

వేళచ్చేరి లోకల్
అయినా చీటీలు నెలకు సగం పోతాయి, చూస్తూ ఉండండి.

చీటీమాట
తిరిగివ్వాల్సిన తేదీ దాని మీదే రాయండి, జాగ్రత్తగా ఉంచుకుంటారు. పెన్సిలుతో రాస్తే చెరిపి మళ్ళీ వాడొచ్చు.

పెరంబూరు బీరువా
గట్టి అట్టవాటికి రిబ్బన్, మిగతావాటికి తేదీ చీటీ, పాత నవలలకు చీటీ తప్ప మరేదీ వద్దు అని కమిటీకి చెబుతాను. జిగురు మైదాదా, ఫెవికాలా?

కుట్టుబైండింగ్
ఫెవికాల్, నీళ్ళు కలపకుండా, పల్చటి పొర. మైదా కోసం సిల్వర్‌ఫిష్ పురుగు వస్తుంది. రాకుండా బైండర్లు మైలుతుత్తం కలుపుతారు, అది విషం, పిల్లలు తిరిగే చోట వద్దు. అట్టముక్క దించాక పుస్తకం మూసి పైన బరువు పెట్టి, వానాకాలమైతే ఒక రోజంతా కదపకండి. రిబ్బన్ కొనేముందు తడిపిన తెల్లగుడ్డతో రుద్ది చూడండి, ముఖ్యంగా ఎరుపు. రంగు దిగితే ఆ చుట్ట వద్దు.