పీయూష గ్రంథిలో నీటితిత్తి: తలనొప్పి ఒక్కటే ఉంటే ఆపరేషన్ చేయించవచ్చా?

ప్రశ్న అడిగినవారు: మా చెల్లెలికి 34 ఏళ్లు. తలనొప్పి తగ్గడం లేదని ఎం.ఆర్.ఐ. తీయిస్తే, పీయూష గ్రంథిలో (మెదడు కింద ఉండే, హార్మోన్లను నడిపించే చిన్న పిట్యూటరీ గ్రంథి) 8 మిల్లీమీటర్ల రాత్కే క్లెఫ్ట్ సిస్టు అనే నీటితిత్తి ఉందన్నారు. ముక్కు గుండా ఆపరేషన్ చేసి తీసేద్దామని ఒక డాక్టరుగారు, ఏడాది తర్వాత మళ్లీ స్కాను చేద్దామని మరొకరు అంటున్నారు. ఇంట్లో అందరికీ భయంగా ఉంది.

మొదటి జవాబు (ఎండోక్రైనాలజిస్టు, అంటే హార్మోన్ల వైద్య నిపుణులు): ముందుగా ఆ భయాన్ని కొంత తగ్గించుకోండి. ఇది క్యాన్సర్ కాదు. పిండదశలో నోటి పైభాగం నుంచి పైకి పెరిగి పీయూష గ్రంథి ముందు భాగంగా మారే చిన్న సంచిని 1838లో జర్మన్ శాస్త్రవేత్త మార్టిన్ రాత్కే వర్ణించారు. ఆ సంచి పూర్తిగా మూసుకుపోకుండా మిగిలిన చీలికలో ద్రవం చేరితే అదే ఈ తిత్తి. వేరే కారణాలతో మరణించినవారి శవపరీక్షల్లో నూటికి పదిమందికి పైగా ఇలాంటివి కనిపించాయి, అంటే చాలామంది దీనితోనే ఏ బాధా లేకుండా జీవితం గడిపేశారు. తలనొప్పి అంతకన్నా సర్వసాధారణం కాబట్టి, రెండూ ఒకే మనిషిలో ఉన్నంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని తేల్చలేము. మైగ్రేన్‌కు సరైన వైద్యం చేసి చూడకుండా ఆపరేషన్‌కు వెళ్లడం తొందరపాటేనని నా నిశ్చితాభిప్రాయం.

రెండవ జవాబు: డాక్టరుగారి మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. మా నాన్నగారికీ ఇలాగే "చూద్దాం" అంటూ రెండేళ్లు గడిచాయి. అక్షరాల చార్టు చివరి వరుస దాకా చదివేవారు కనుక కళ్లు బాగున్నాయనుకున్నాం. కానీ తిత్తి పెరిగి పైనున్న దృష్టి నాడుల కూడలిని నొక్కడంతో రెండు కళ్లకూ బయటి వైపు చూపు తగ్గింది, పక్కనుంచి వచ్చే బండి కనిపించక పడిపోయేదాకా ఎవరికీ తెలియలేదు. ఆపరేషన్ తర్వాత చూపు చాలావరకు తిరిగొచ్చింది. తలనొప్పి కూడా పోయింది.

మొదటి జవాబు ఇచ్చినవారు: మీరు చెప్పిన పరిస్థితిలో ఆపరేషనే సరైనది, ఆలస్యం చేయకూడదు. వేచి చూడటమంటే స్కాను ఒక్కటే కాదు, పక్క చూపును కొలిచే ఫీల్డ్ పరీక్ష కూడా క్రమంగా చేయించడం; మీ నాన్నగారి విషయంలో జరగనిది అదే. అయితే తిత్తి గోడను పూర్తిగా ఒలిచే ప్రయత్నంలో పీయూష గ్రంథి వెనుక భాగం దెబ్బతింటే విపరీతమైన దాహం, లీటర్ల కొద్దీ మూత్రం పట్టుకోవచ్చు, కొందరికి అది శాశ్వతం. గోడను వదిలి ద్రవం మాత్రమే తీస్తే తిత్తి మళ్లీ నిండే అవకాశం ఉంటుంది. చూపు, హార్మోన్లు బాగున్న మనిషికి ఈ బేరం లాభసాటి కాదు.

ప్రశ్న అడిగినవారు: హార్మోన్ పరీక్షలు ఇంకా చేయించలేదు. థైరాయిడ్ ఒక్కటే చూశారు, కొంచెం తక్కువగా ఉందని మాత్ర రాశారు.

మొదటి జవాబు ఇచ్చినవారు: ఆ మాత్ర మొదలుపెట్టే ముందే మీ డాక్టరుగారికి ఫోన్ చేసి, ఉదయం ఎనిమిది గంటల ప్రాంతంలో కార్టిజాల్ (ఒత్తిడిని తట్టుకోవడానికి శరీరానికి అవసరమైన హార్మోన్) పరీక్ష చేయించమని అడగండి. పీయూష గ్రంథి నొక్కుడుపడి కార్టిజాల్ తగ్గి ఉంటే, దాన్ని సరిచేయకుండా థైరాయిడ్ మాత్ర వేయడం ప్రాణాల మీదికి తేగలదు. ప్రొలాక్టిన్ (పాల ఉత్పత్తికి తోడ్పడే హార్మోన్) పరీక్ష కూడా చేయించండి. తిత్తి ఒత్తిడి వల్ల అది కాస్త పెరిగితే, ప్రొలాక్టిన్ తగ్గించే మాత్రలతో తిత్తి కరగదని గుర్తుంచుకోండి.