ఎక్సోమ్ రిపోర్టులో ఏమీ లేదు, కానీ బాబుకు ఫ్రాజైల్ ఎక్స్ ఉంది

విజయవాడ అమ్మ:
మా బాబుకు మూడో ఏట ఆటిజం అని చెప్పారు. జన్యువులను చదివే ఎక్సోమ్ పరీక్షలో ఏ మార్పూ కనబడలేదనడంతో జన్యు కారణం లేదనుకొని రెండేళ్లు ఊరుకున్నాము. మొన్న మరో డాక్టరు గారు వాడి పొడవాటి ముఖాన్నీ, పెద్ద చెవులనూ చూసి విడిగా పరీక్ష రాస్తే ఫ్రాజైల్ ఎక్స్ అనే జన్యులోపం అని తేలింది. మొదటి పరీక్షలో ఎందుకు దొరకలేదు? మాది మేనరికం కాబట్టే ఇలా జరిగిందని ఇంట్లో అంటున్నారు.

జన్యుశాస్త్ర విద్యార్థి:
ఎక్సోమ్ పరీక్ష ముఖ్యంగా ప్రొటీనుకు సంకేతమిచ్చే భాగాలనే చదువుతుంది. ఫ్రాజైల్ ఎక్స్‌కు మూలమైన, ఎక్స్ క్రోమోజోముపై ఉన్న ఎఫ్‌ఎంఆర్1 జన్యువులో ఆ భాగానికి ముందున్న సీజీజీ అనే మూడక్షరాలు ఎన్నిసార్లు వరుసగా వచ్చాయో లెక్కపెట్టడం దానికి సాధారణంగా చేతకాదు. మామూలుగా ఆ వరుసలు 45 లోపే ఉంటాయి, 55 నుంచి 200 వరకు ఉన్నవారు వాహకులు, అంటే లోపాన్ని తర్వాతి తరానికి అందించగలవారు. 200 దాటితే జన్యువు మూతపడి ఎఫ్‌ఎంఆర్‌పీ ప్రొటీను తయారు కాదు. నాడీకణాలు కలిసే చోట కొత్త ప్రొటీన్ల తయారీకి కళ్లెం వేసేది అదే. కళ్లెం తెగితే, కణాల కొమ్మలపై పొట్టిగా, దృఢంగా ఎదగవలసిన మొలకలు సన్నగా, పొడవుగా పసిదశలోనే ఉండిపోతాయి, పైగా అవసరానికి మించి మిగులుతాయి. ఈ అదుపులేని తయారీని ఆపే మందులు ఎలుకల్లో బాగా పనిచేసి, మనుషులపై జరిపిన పరీక్షల్లో నిలవలేదు.

హైదరాబాదు నాన్న:
మా పాపకు షాంక్3 అనే జన్యువులో లోపం. సంకేతాన్ని అందుకునే కణం అంచున పరంజాలా నిలబడే ప్రొటీనును చేసేది అది, ఆ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి పోయినా మాట రావడం కష్టమవుతుంది. మా ఇద్దరిలోనూ ఆ లోపం లేదు, పాపలోనే కొత్తగా ఏర్పడింది. క్రోమోజోముల్లో ముక్కలు పోయాయా, ఎక్కువయ్యాయా అని చూసే మైక్రోఅర్రే పరీక్షలో బయటపడింది. అన్నట్టు, ఫ్రాజైల్ ఎక్స్ ఆ పరీక్షకూ అందదు.

నెల్లూరు అక్క:
చెల్లీ, మగపిల్లవాడికి ఎక్స్ క్రోమోజోము తల్లి నుంచే వస్తుంది కనుక దీనికి మేనరికంతో పని లేదు. మీ నాన్నగారికి చేతులు వణుకుతాయా? మా నాన్నగారికి అరవై దాటాక వణుకు, నడకలో తూలు వస్తే పార్కిన్సన్స్ అనుకొని చాలాకాలం మందులు వాడాము, చివరకు ఆయన ఫ్రాజైల్ ఎక్స్ వాహకుడని, వణుకు అందువల్లేనని తేలింది. తండ్రి వాహకుడైతే కూతుళ్లందరూ వాహకులవుతారు, కానీ వరుసలు 200 దాటేంతగా పెరిగేది తల్లి నుంచి బిడ్డకు చేరేటప్పుడే.

విజయవాడ అమ్మ:
నాన్నగారు నాలుగేళ్లుగా కాఫీ గ్లాసును రెండు చేతులతో పట్టుకుంటున్నారు, వయసు వల్లనేమో అనుకున్నాము. మా చెల్లెలికి ఇప్పుడు మూడో నెల. ఈ రాత్రికే దానికి ఫోన్ చేస్తాను.