లీడ్ వీ4: వారానికోసారి వాడే ట్రైనింగ్ రూమ్ రెగ్యులర్లీ ఆక్యుపైడ్ కిందికి వస్తుందా?

ప్రశ్న:
గచ్చిబౌలిలో ఒక ఐటీ ఆఫీసు ఇంటీరియర్స్‌కి లీడ్ వీ4 (పర్యావరణహిత భవనాలకిచ్చే లీడ్ సర్టిఫికేషన్ నాలుగో వెర్షన్) డాక్యుమెంటేషన్ చేస్తున్నాం. ఒక మనిషి రోజుకు సగటున గంటకు మించి ఉండి పనిచేసే చోటును అందులో రెగ్యులర్లీ ఆక్యుపైడ్ అంటారు, డేలైట్ లెక్కలోకి అలాంటివే వస్తాయి. ట్రైనింగ్ రూమ్ 600 చదరపు అడుగులు, 30 కుర్చీలు, కిటికీ లేదు. వారానికి ఒకరోజే, నాలుగు గంటలు వాడతారు. ఐదు రోజులకు సగటు తీస్తే రోజుకు గంట కూడా రాదు కదా, లెక్కలోంచి తీసేద్దామని ఆర్కిటెక్ట్ గారు అంటున్నారు. డేలైట్ (పగటి వెలుతురు) లెక్కలో 12,000 చదరపు అడుగులకు 6,450 పాసవుతోంది, అంటే 53.75 శాతం. ఈ గది తీసేస్తే 56.6కి వెళ్లి, పాయింట్లకు కావాల్సిన 55 దాటుతుంది. తీసేయొచ్చా? ప్యాంట్రీ, క్యాంటీన్, యూపీఎస్ రూమ్, మెట్ల సంగతి కూడా చెప్పండి.

జవాబు 1:
తీసేయకూడదండి. రోజూ వాడని గదికి వారం సగటు తీయరు. వాడిన రోజు ఒక మనిషి అందులో ఎంతసేపు ఉంటాడన్నదే చూడాలి. మీ గదిలో నాలుగు గంటలు కూర్చుంటున్నారు కాబట్టి అది రెగ్యులర్లీ ఆక్యుపైడే. కాన్ఫరెన్స్ రూములూ అంతే. డేలైట్ శాతం పెంచాలంటే గ్లాస్ పార్టిషన్లు, లేఅవుట్ మార్చి చూడండి. కిటికీ వైపు క్యాబిన్లు కడితే లోపలి హాలుకు వెలుతురు ఆగిపోతుంది, ముందు అక్కడ చూడండి. ఏఎస్ఈ (నేరుగా ఎండ మితిమీరి పడే చోటు) కూడా 10 శాతం దాటకుండా చూసుకోవాలి.

ప్యాంట్రీ, కారిడార్, టాయిలెట్, కాపీ రూమ్: ఆక్యుపైడే, కానీ రెగ్యులర్ కాదు. క్యాంటీన్‌లో కూర్చుని తినే చోటు, వంటగది మాత్రం రెగ్యులరే. యూపీఎస్, ఎలక్ట్రికల్, ఏహెచ్‌యూ (ఏసీ గాలిని పంపే యంత్రం) రూములు అనాక్యుపైడ్, అంటే మనుషులు ఉండని చోట్లు. మెట్ల దగ్గర చాలామంది పొరబడతారు: రోజూ ఎక్కిదిగే మెట్లు నాన్-రెగ్యులర్, అత్యవసరానికే ఉంచిన ఫైర్ ఎగ్జిట్ మెట్లు అనాక్యుపైడ్. లాబీ నాన్-రెగ్యులర్ అయినా రిసెప్షన్ డెస్క్ రెగ్యులర్, దాన్ని విడిగా చూపండి.

జవాబు 2 (హెచ్‌వీఏసీ, అంటే ఏసీ-వెంటిలేషన్ వైపు నుంచి):
గదుల పట్టికలో డెన్స్‌లీ ఆక్యుపైడ్ (మనుషులు ఒత్తుగా ఉండేవి) అని ఇంకో కాలమ్ పెట్టండి. 1,000 చదరపు అడుగులకు 25 మంది, ఆపైన ఉంటే డెన్స్. అంటే మనిషికి 40 చదరపు అడుగులు, అంతకన్నా తక్కువ. మీ ట్రైనింగ్ రూమ్‌లో మనిషికి 20 అడుగులే. ఎన్‌హాన్స్‌డ్ ఐఏక్యూ (లోపలి గాలి నాణ్యత) క్రెడిట్‌లో, అంటే పాయింట్లు తెచ్చే ఆ అంశంలో, కార్బన్ డయాక్సైడ్ మానిటరింగ్ ఎంచుకుంటే ఇలాంటి ప్రతి గదిలోనూ సెన్సర్ పెట్టాలి, ఎత్తు నేల నుంచి 3–6 అడుగులు. రిటర్న్ డక్ట్‌లో ఒకటి పెట్టి నాలుగు గదులకు సరిపెట్టొద్దు. గాలి కలిసిపోయి నిండిన గది రీడింగ్ కిందికి పడిపోతుంది. సెట్‌పాయింట్‌ను (ముందే పెట్టిన పరిమితిని) 10 శాతం మించితే అలారం రావాలి.

కాపీ రూమ్‌కి చదరపు అడుగుకి 0.5 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపుటడుగుల గాలి) ఎగ్జాస్ట్, దానంతటదే మూసుకునే తలుపు, శ్లాబు దాకా గోడ (లేదా హార్డ్ సీలింగ్) ఉండాలి. ఫాల్స్ సీలింగ్ దగ్గరే గోడ ఆపేస్తే కుదరదు.

ప్రశ్న వేసినవారు:
ధన్యవాదాలు. సపోర్ట్ హాలు 2,400 అడుగులు, 64 సీట్లు. ఓపెన్ ఆఫీసు కాబట్టి డెన్స్ కాదనుకున్నాం.

జవాబు 2:
2,400ని 64తో భాగిస్తే 37.5. అది కూడా డెన్సే. పేరు చూసి కాదు, సీట్లు లెక్కపెట్టి తేల్చాలి.

జవాబు 3:
ఒక్క మాట చేరుస్తాను. కంట్రోల్స్ (వాడేవాళ్లే ఏసీ, లైట్లు సర్దుకునే వీలు) క్రెడిట్లకు రెగ్యులర్ గదుల్ని ఇంకా విడగొట్టాలి. వర్క్‌స్టేషన్లు, ప్రైవేట్ క్యాబిన్లు ఇండివిడ్యువల్. కాన్ఫరెన్స్, ట్రైనింగ్ రూములు షేర్డ్. థర్మల్ కంట్రోల్ ఇండివిడ్యువల్‌లో కనీసం సగానికి, షేర్డ్‌లో అన్నింటికీ ఉండాలి. లైటింగ్‌లో ఇండివిడ్యువల్‌కి 90 శాతం. అన్ని క్రెడిట్లకూ ఒకే ఎక్సెల్ షీట్ వాడండి. డేలైట్ కన్సల్టెంట్ 12,000, వ్యూస్ (బయటి దృశ్యం కనిపించే చోటు) లెక్క చేసేవారు 11,400 చూపిస్తే రివ్యూయర్ ముందు అడిగేది ఆ తేడా గురించే.