అగ్రికల్చరల్ ఎకనామిక్స్ తీసుకోమంటారా?

మాది అనంతపురం వైపు. బీఎస్సీ అగ్రికల్చర్ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. నాన్న వేరుశనగ మానేసి చీనీ (బత్తాయి) పెట్టారు. మొన్న వేసవిలో మూడో బోరూ ఎండింది. స్టార్టర్ నొక్కితే పైపు బుసబుసమని గాలి కక్కి, దోసెడు ఎర్రనీళ్లు పోసి ఆగిపోయింది. ఆ శబ్దం ఇంకా చెవుల్లోనే ఉంది.

ఏ పంట ఎన్ని నీళ్లు తాగుతోంది, చివరికి రైతుకి ఏం మిగులుతోంది, ఏ భూమి బీడవుతోంది, ఈ లెక్కలే నా పని కావాలని ఉంది. ఇక్రిశాట్ (హైదరాబాద్ దగ్గరున్న అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ) వాళ్లు 1975 నుంచి పాత మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో ఇంటింటి లెక్కలు రాశారట. అలాంటి పనికి అగ్రికల్చరల్ ఎకనామిక్స్‌లో ఎమ్మెస్సీ సరిపోతుందా, స్టాటిస్టిక్స్ విడిగా గట్టిగా నేర్చుకోవాలా? పీహెచ్‌డీ లేకుండా ఊళ్లు తిరిగే ఉద్యోగాలు దొరుకుతాయా? ఇంట్లో అప్పుంది, అదే టెన్షన్. ఈ దారిలో ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.